దూరపు కంచె నునుపు

ఆ పుస్తకాన్ని గుర్తుపట్టడానికి పేరు చదవక్కర్లేదు. అట్ట మీద పాతికేళ్లు నిండని అమ్మాయి ఉంటుంది. తల మీద పలచటి తెల్ల టోపీ, దాని తాళ్లు ముడివేయకుండా భుజాల మీదికి వేలాడుతుంటాయి. వెనక పండిన గోధుమ చేను, దూరంగా ఎర్రరంగు కొట్టం, ఇంకా దూరంగా ఒక గుర్రబ్బగ్గీ. అమ్మాయి మనవైపు చూడదు. కిందికో పక్కకో చూస్తూ, చెప్పకూడనిదేదో మనసులో దాచుకున్నట్టు ఉంటుంది.

ఎడిలైడ్‌లో మా పేటలో పాతసామాన్ల దుకాణం ఒకటుంది. ఇక్కడివాళ్లు ఆప్ షాప్ అంటారు. దాని వెనక గోడకున్న రెండు అరల నిండా ఇవే పుస్తకాలు, ఒక్కోటి రెండు డాలర్లు. కొనేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటిన ఆడవాళ్లు. చదివి, మళ్లీ తెచ్చి అదే అరలో పెట్టి, ఇంకోటి తీసుకెళతారు. గుంటూరు అరండల్‌పేటలో మా అమ్మ అద్దె పుస్తకాల షాపుకి వెళ్లినట్టే.

వింతేమిటంటే, ఇవన్నీ ఆమిష్ ప్రేమకథలు, ఆస్ట్రేలియాలో మాత్రం ఆమిష్ మనిషిని కళ్లతో చూసినవాళ్లు అరుదు. ఆమిష్‌లు దాదాపు అందరూ అమెరికాలో ఉంటారు, కొద్దిమంది కెనడాలో. అయినా వాళ్ల ప్రేమలు, పెళ్లిళ్లు, అలకలు పదహారువేల కిలోమీటర్ల దూరంలో మా పేట అరల దాకా వచ్చాయి. వీటిని రాసేవాళ్లు సాధారణంగా ఆమిష్‌లు కారు, చదివేవాళ్లూ కారు. మరి ఈ కథలు ఎవరివి? ఎవరి కోసం? అసలు ఆమిష్‌లే ఎందుకు? ఆస్ట్రేలియాలో కూర్చుని రాయాలనుకునే మనిషికి, తెలుగులో రాసే మనిషికి కూడా, ఇందులో ఏమైనా ఉందా?

ముందు వాళ్లెవరో రెండు మాటల్లో. 1693లో జేకబ్ అమ్మన్ అనే సంఘపెద్ద స్విట్జర్లాండ్, అల్సేస్ ప్రాంతాల అనబాప్టిస్టు క్రైస్తవుల నుంచి తన వర్గంతో విడిపోయాడు. గొడవలో ముఖ్యమైన అంశం వెలి. తప్పు చేసిన సభ్యుణ్ణి సంఘంలోంచి తీసేస్తే చాలునా, లేక అతనితో కలిసి భోజనం చేయడం కూడా మానాలా? మానాలన్నాడు అమ్మన్. ఆయన వర్గం తర్వాతి శతాబ్దంలో పెన్సిల్వేనియా చేరింది. బాప్తిస్మం పెద్దయ్యాకే, తన ఇష్టంతోనే. కట్టుబాట్ల మొత్తాన్ని ‘ఓర్డ్‌నుంగ్’ అంటారు. కరెంటు తీగ ఇంట్లోకి రాకూడదు, సొంత కారు ఉండకూడదు, చదువు ఎనిమిదో తరగతితో ఆపేయాలి. ఈ చివరి దానికి 1972లో అమెరికా సుప్రీంకోర్టు సమ్మతి కూడా దొరికింది. 1900 నాటికి ఐదారు వేలున్న జనం ఇప్పుడు దాదాపు 4 లక్షలు. బయటినుంచి వచ్చి చేరేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పుట్టిన పిల్లల్లో మాత్రం నూటికి 85 మందికి పైగా బాప్తిస్మం తీసుకుని అక్కడే ఉండిపోతారు. నవలలు చదివితే ఊరంతా పారిపోవడానికి మూటాముల్లె సర్దుకుంటున్నట్టు అనిపిస్తుంది గానీ, లెక్క వేరు.

వీళ్ల మీద నవలలు కొత్తవి కావు. 1904లోనే హెలెన్ రైమెన్‌స్నైడర్ మార్టిన్ అనే పెన్సిల్వేనియా రచయిత్రి ‘టిల్లీ: ఎ మెనొనైట్ మెయిడ్’ రాసింది. మెనొనైట్లు ఆమిష్‌ల దాయాదులు, అదే అనబాప్టిస్టు వేరువాళ్లు. ఆ నవలలో పెన్సిల్వేనియా జర్మన్ రైతులు మొరటువాళ్లు, పిసినారులు. పుస్తకం బాగా అమ్ముడుపోయింది, ఆ జనానికి మాత్రం ఒళ్లుమండింది. అంటే మొదట ఈ పల్లెవాళ్లు నవ్వుకోడానికి పనికొచ్చారు. ఆరాధించడానికి పనికిరావడం చాలా తర్వాతి సంగతి. దానికి దారివేసింది ఆమిష్ నవల కూడా కాదు. 1979లో కెనడా రచయిత్రి జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ పచ్చికమైదానాలకి వలసపోయిన ఒక భార్యాభర్తల కథ. అవసరం కోసం చేసుకున్న పెళ్లిలో ప్రేమ నెమ్మదిగా పుడుతుంది, దాంతోపాటే భక్తీ పుడుతుంది. దాన్ని అచ్చువేసిన బెథనీ హౌస్, చర్చికి వెళ్లే ఆడవాళ్లు తమకంటూ ప్రేమకథలు కావాలని ఎదురుచూస్తున్నారని గ్రహించింది.

అదే ప్రచురణ సంస్థ 1997లో బెవర్లీ లూయిస్ ‘ది షన్నింగ్’ తెచ్చింది. మన మాటల్లో ‘వెలి’. కేటీ లాప్ అనే అమ్మాయికి బిషప్‌తో పెళ్లి కుదిరింది. ఆయన భార్య పోయిన మనిషి, పిల్లల తండ్రి. పెళ్లికి ముందు ఆమెకి అటక మీద పసిపాప శాటిన్ గౌను దొరుకుతుంది. ఆమిష్ ఇంట్లో శాటిన్ ఎక్కడిది? తను ఈ ఇంట్లో పుట్టిన పిల్ల కాదని తెలుస్తుంది. మన పాఠకుడు ఇక్కడే నవ్వుకుంటాడు. పుట్టుమచ్చ, పాత గొలుసు, సగం చిరిగిన ఫోటోల మీద నడిచిన మన సినిమాలు ఎన్ని లేవు! కానీ లూయిస్ అల్లిక తెలివైనది. ఆమె లాంకాస్టర్‌లో పుట్టింది. అమ్మమ్మ పాతకట్టు మెనొనైట్ సంఘాన్ని వదిలి పెళ్లి చేసుకున్న మనిషి. ఆ ఇంటి గుసగుసల్లోంచే నవల వచ్చింది. లక్షల ప్రతులు పోయాయి.

ఆ తర్వాత వరద. 2002లో ఇలాంటి కొత్త నవలలు రెండే వచ్చాయి. 2012లో 85. ఈ లెక్క తేల్చిన వాలెరీ వీవర్-జెర్కర్ స్వయంగా మెనొనైట్. 2013లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రచురణగా ఈ నవలల మీద ఒక పుస్తకమే రాసింది. ఈ విషయం మీద వచ్చిన రచనల్లో నేను ముందుగా చేతికందించేది అదే. ఆమె చెప్పే కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, బతుకులో వేగం పెరిగిపోవడం. రెండు, ఎక్కడ చూసినా శృంగారం పరుచుకుపోవడం. వేగం లేని ఊరూ, ముద్దు దాకా కూడా రాని ప్రేమా ఒకేచోట దొరికితే అలసిన పాఠకురాలు అక్కడ వాలుతుంది. 2006 అక్టోబరులో నికెల్ మైన్స్ అనే పల్లెబడిలో ఒకడు ఐదుగురు ఆడపిల్లలను కాల్చి చంపాక, అదే వారంలో ఆమిష్ పెద్దలు హంతకుడి భార్య ఇంటికి వెళ్లి క్షమించామని చెప్పడం లోకాన్ని కదిలించింది. ఆ కుతూహలం కూడా నవలల మార్కెట్టుకి చేరింది.

ఇంతవరకు ఆమె చెప్పినదాంతో నాకు పేచీ లేదు. నేను చేర్చేది ఇంకొక కారణం. ప్రేమకథకి కంచె కావాలి. ఇద్దరు కలవడానికి ఏ అడ్డూ లేకపోతే కథ మూడో పేజీలో అయిపోతుంది. పాశ్చాత్య పట్టణంలో ఆ కంచెలు ఒక్కొక్కటే కూలిపోయాయి. తల్లిదండ్రులు వద్దనరు, చర్చి వద్దనదు, డబ్బు వద్దన్నా వినరు. మిగిలింది ‘నాకింకా మనసు కుదరలేదు’ అన్న తటపటాయింపు ఒక్కటే, దాంతో మూడువందల పేజీలు నడపడం కష్టం. ఆమిష్ ఊరు రచయితకి కట్టి సిద్ధంగా ఉన్న కంచె. బాప్తిస్మం తీసుకున్న పిల్ల బయటివాణ్ణి చేసుకుంటే వెలి. తీసుకోకముందే వెళ్లిపోతే వెలి లేదు, కన్నీళ్లు మాత్రమే. ఈ తేడా ఒక్కటి తెలిసిన రచయిత్రి నవలంతా ఆ బాప్తిస్మపు ఆదివారం చుట్టూ తిప్పగలదు. తెలియని రచయిత్రి పదహారేళ్ల పిల్లని అలవోకగా వెలివేయిస్తుంది. ఎవరు శ్రద్ధగా రాశారో, ఎవరు వేరే నవలలు చదివి నవల రాశారో పోల్చడానికి నాకు ఇదే గీటురాయి.

కథ అల్లడంలో కిటుకులు ఇంకా ఉన్నాయి గానీ వాటిని సాగదీయను. ముప్పేట తాడు అనుకోండి: ఆమె, అతను, దేవుడు. మూడో పేట బిగుసుకోకుండా మొదటి రెండూ ముడిపడకూడదు. ప్రేమలో పడ్డవాడు అవిశ్వాసి అయితే చివరి అధ్యాయంలోపు మారుమనస్సు పొందాలి. తిట్లు ఉండవు, మందు ఉండదు, పడకగది తలుపు దగ్గర కెమెరా ఆగిపోతుంది. పెన్సిల్వేనియా డచ్ మాటలు ఉప్పులా చల్లాలి: తండ్రికి ‘డాట్’, కృతజ్ఞతకి ‘డెంకి’. కొందరు ఉప్పు బస్తానే ఒంపేస్తారు. మన సీరియళ్లలో గోదావరి యాస అంటే ప్రతి వాక్యం చివర ‘అండీ’ తగిలించడం లాంటిదే.

అసలు తిరకాసు భాషలో కాదు, భక్తిలో ఉంది. ఆమిష్‌లు ‘నాకు రక్షణ ఖాయమైపోయింది’ అని సాధారణంగా చెప్పరు. అలా అనడం గర్వమని వాళ్ల భావన. దేవుడి దయ మీద ఆశపెట్టుకుంటారు, తీర్పు ఆయనకే వదిలేస్తారు. ఒంటరి మనిషి మనసుకన్నా సంఘం నడక వాళ్లకి పెద్దది. నవలల్లో నాయికలు మాత్రం పొలం గట్టున మోకరించి, యేసుని సొంత రక్షకుడిగా అంగీకరించి, ఆ క్షణం నుంచి నిశ్చయంతో లేచి నిలబడతారు. టోపీ ఆమిష్‌ది, ప్రార్థన టెనెస్సీ బాప్టిస్టుది. పాఠకురాలు తన విశ్వాసాన్నే గుర్రబ్బగ్గీ ఎక్కించి చూసుకుంటుంది. దీన్ని మోసం అనను. కానీ ‘ఆమిష్ జీవితానికి అద్దం’ అని వెనక అట్ట మీద వేసుకుంటే మాత్రం ఒప్పుకోను.

లోపలివాళ్లు రాసినవి లేకపోలేదు. లిండా బైలర్ ఆమిష్ సంఘ సభ్యురాలు. ఆమె లిజ్జీ నవలల్లో అమ్మాయికి కోపం వస్తుంది, ఇంటి అప్పులు ఉంటాయి, పెళ్లి తర్వాత కూడా చిరాకులు ఉంటాయి. ఆమె కంచె గురించి పెద్దగా మాట్లాడదు. ఇంట్లో ఉన్నవాళ్లు గోడల గురించి మాట్లాడుకోరు కదా.

ఇక డబ్బు దారి చూస్తే ఆస్ట్రేలియాకి మొదటి ముడి అక్కడే పడుతుంది. భక్తి ప్రేమకథల పెద్ద వరుసల్లో ఒకటైన ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ని 1997లో మొదలుపెట్టింది హార్లెక్విన్ కంపెనీ. 2014లో ఆ కంపెనీని హార్పర్‌కాలిన్స్ కొనేసింది. క్రైస్తవ పుస్తకాలకి పేరుపడ్డ జాండర్వన్ 1988లోనే ఆ ఇంటికి చేరింది, థామస్ నెల్సన్ 2012లో వచ్చింది. హార్పర్‌కాలిన్స్ యజమాని న్యూస్ కార్ప్, అంటే రూపర్ట్ మర్డోక్ కట్టిన సామ్రాజ్యం. ఆ సామ్రాజ్యం మొదలైంది 1950లలో ఇదే ఎడిలైడ్‌లో, తండ్రి నుంచి వచ్చిన ‘ది న్యూస్’ అనే సాయంకాలం పత్రికతో. టీవీ చూడని, పేపర్లో ఫోటో పడటానికి ఇష్టపడని మనుషుల ప్రేమకథల మీద వచ్చే డబ్బులో ఒక పాయ పత్రికలూ టీవీలూ నడిపే ఇంటికి చేరుతోంది.

రెండో ముడి ఇంకా గట్టిది. లోకమంతటికీ ఆమిష్‌లని ప్రేమకథగా చూపించింది ఒక సిడ్నీ మనిషి. పీటర్ వియర్ 1985లో తీసిన ‘విట్‌నెస్’ ఆయన మొదటి హాలీవుడ్ సినిమా. కెమెరామన్ జాన్ సీల్ క్వీన్స్‌లాండ్‌వాడు. కథ రాసినవాళ్లలో ఒకరైన పమేలా వాలెస్ ప్రేమనవలల రచయిత్రి. స్క్రీన్‌ప్లేకి, ఎడిటింగ్‌కి ఆస్కార్లు వచ్చాయి. కథ తెలిసిందే. రేచల్ అనే ఆమిష్ వితంతువు కొడుకు రైల్వేస్టేషన్‌లో హత్య చూస్తాడు. పోలీసు డిటెక్టివ్ జాన్ బుక్ గాయపడి ఆ పల్లెలో దాక్కుంటాడు. తుపాకీ పట్టే మనిషికీ, మనిషి మీద తుపాకీ ఎత్తని జనానికీ మధ్య రేచల్.

ఇప్పటి నవలలన్నిటికన్నా నలభై ఏళ్ల కిందటి ఈ సినిమా నాకు ఎక్కువ నిజంగా కనిపిస్తుంది. వియర్ అమెరికాకే బయటివాడు, ఆమిష్‌లకి ఇంకా బయటివాడు. తెలిసినట్టు నటించే అవకాశం ఆయనకి లేదు, అందుకే చూశాడు. వెర్మీర్ బొమ్మల్లోలా కిటికీలోంచి పడే వెలుతురు పట్టుకున్నాడు. కొట్టం కట్టే సన్నివేశంలో మాటలు దాదాపు లేవు. మగవాళ్లు దూలాలు ఎత్తుతుంటారు, ఆడవాళ్లు నిమ్మరసం పంచుతుంటారు, ఆ పంచడంలో రేచల్ గ్లాసు ముందుగా ఎవరికి వెళ్లిందో ఊరంతా గమనిస్తుంది. రాత్రి కొట్టంలో కారు రేడియో పాటకి ఇద్దరూ నవ్వుతూ చిందులేస్తుంటే మామ ఎలీ వచ్చి పడతాడు. వెలివేస్తారు నిన్ను అంటాడు. నేను పసిపిల్లని కాను అంటుంది ఆమె. ఇద్దరిదీ నిజమే. మామగారు దుర్మార్గుడు కాదు. మన సినిమా అయితే ఆయన్ని సూర్యకాంతానికి అన్నగా మార్చేసేవాళ్లం.

ఆమిష్ పెద్దలకి ఆ సినిమా నచ్చలేదు. లాంకాస్టర్‌లో షూటింగ్ జరుగుతున్నప్పుడే అభ్యంతరం చెప్పారు. అడగకుండా ఇంటి ఫోటో తీసి ఊళ్లో పెట్టినట్టయింది వాళ్లకి. వియర్ ఎంత మర్యాదగా తీసినా, వాళ్లు అడిగింది మర్యాద కాదు, తమ మానాన తమని వదిలేయమని.

బయటివాళ్లు తమ గురించి రాస్తే ఎలా ఉంటుందో ఈ దేశం అటువైపు నుంచి కూడా రుచిచూసింది. మార్లో మోర్గన్ అనే అమెరికన్ రాసిన ‘మ్యూటంట్ మెసేజ్ డౌన్ అండర్’ పుస్తకంలో ఆస్ట్రేలియా ఆదివాసీ తెగ ఒకటి ఆమెని ఎడారి అడ్డంగా నడిపించి, తమ రహస్య జ్ఞానాన్ని ఆమె చేతిలో పెడుతుంది. మొదట జరిగిన కథగా అమ్మారు, 1994లో హార్పర్‌కాలిన్స్ నవలగా వేసింది. ఆదివాసీ పెద్దలు మండిపడ్డారు. 1996లో పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి కొందరు అమెరికా దాకా వెళ్లి నిలదీస్తే అది కల్పనేనని ఆమె ఒప్పుకుంది. తెల్లజనం కలలుగనే పవిత్రమైన, నిదానమైన, జ్ఞానులైన తెగ అది. ఆ పుస్తకం పక్కన ఏ ఆమిష్ నవలనైనా పెట్టి చూడండి, అచ్చు అదే కోరిక కనిపిస్తుంది. ఆ ముందు ఏడాదే ఇక్కడ ఇంకో రభస. బ్రిటిష్ తల్లిదండ్రులకి పుట్టిన హెలెన్ డార్విల్ తనది ఉక్రేనియన్ కుటుంబమని నమ్మించి, డెమిడెంకో పేరుతో నవల రాసి 1995లో మైల్స్ ఫ్రాంక్లిన్ బహుమతి అందుకుంది. ఈ దెబ్బలు తిన్న దేశంలో ఇప్పుడు ఆదివాసీల గురించి రాసేవాళ్లకి మర్యాదల పుస్తకాలు ఉన్నాయి: ఎవరిని అడగాలి, ఏది రాయకూడదు, లాభం ఎవరికి. ఆమిష్‌ల గురించి రాసేటప్పుడు ఆ ప్రశ్నలు వేసేవాళ్లు తక్కువ. తెల్లవాళ్ల మీద తెల్లవాళ్లు రాసుకుంటే ఎవరికేం నష్టం అన్న ధీమా కాబోలు. కోర్టుకెక్కని జనం మీద కథలు రాయడం సుఖం.

మరి ఆస్ట్రేలియాలో భక్తి ప్రేమకథలు లేవా అంటే ఉన్నాయి, చిన్న పాయగా. మేరీ హాకిన్స్ చాలా ముందే అమెరికా క్రైస్తవ రొమాన్సు వరుసల్లోకి వెళ్లింది. దక్షిణ ఆస్ట్రేలియాకి చెందిన మెరెడిత్ రెస్ ‘ది మాన్స్’తో మొదలుపెట్టి పాతకాలపు పల్లె మీద ఒక నవలల వరుస నడిపింది. కాన్‌బెర్రాలో ఉండే నరెల్ అట్కిన్స్ నవలలు 2014 నుంచి హార్లెక్విన్ వారి హార్ట్‌సాంగ్ వరుసలో వచ్చాయి. ఒమేగా రైటర్స్ అనే క్రైస్తవ రచయితల సంఘం కేలబ్ పేరుతో బహుమతి ఇస్తుంది. కానీ సొంత మార్కెట్టు చిన్నది. 2016 జనగణనలో క్రైస్తవులమన్నవాళ్లు 52 శాతం. 2021కి అది 43.9కి దిగింది, ఏ మతమూ లేదన్నవాళ్లు 38.9 శాతం. అందుకే ఇక్కడి రచయిత్రికి ఒక చిక్కు. అమెరికా పాఠకురాలి కోసం రాస్తే పొలాన్ని రాంచ్ అనాలా, స్టేషన్ అనాలా? క్రిస్మస్‌కి మంచు పడాలా, నలభై డిగ్రీల ఎండ కాయాలా?

పెద్ద పాయ వేరే ఉంది, దాంట్లో దేవుడు లేడు. 2002లో రేచల్ ట్రెజర్ ‘జిల్లరూ’ వచ్చింది. అప్పట్నుంచి పల్లె ప్రేమకథ ఇక్కడి పుస్తకాల షాపుల్లో ఒక అరని ఆక్రమించింది. నాయిక రెబెక్కా పొలం పని అన్నదమ్ములకన్నా బాగా చేస్తుంది. అయినా తండ్రి పొలం ఆమెకి దక్కదంటాడు, పొలం కొడుకులది. ఆమె కుక్కల్ని వెంటేసుకుని ఇల్లు వదిలి పోతుంది. ఇందులో రమ్ము ఉంది, బురద ఉంది, పడకగది తలుపు తెరిచే ఉంది. ఆమిష్ నవలకి ఇది పూర్తిగా ఎదురని పైకి అనిపిస్తుంది. నాకైతే అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. రెండిటిలోనూ పట్నం అలసిన మనసు పల్లెకి పోతుంది, రెండిటిలోనూ పాతకాలపు కంచె నిలిచి ఉంది. అక్కడ ఓర్డ్‌నుంగ్ అయితే ఇక్కడ ఆస్తి పంపకం, కరువు, పక్క ఇంటికి అరవై కిలోమీటర్ల దూరం. ఇందులో కంచె రచయితది. ట్రెజర్ టాస్మేనియా పల్లెల మనిషి, ఆడపిల్లకి పొలం రాకపోవడం ఆమె ఎరిగిన బాధ. కృష్ణా డెల్టాలో పుట్టిన ఏ ఆడపడుచుకైనా ఆ తండ్రి మాటలు అనువాదం అక్కర్లేకుండా అర్థమవుతాయి.

ఆమిష్‌లకి దగ్గరి పోలిక కావాలంటే నాకు గంట ప్రయాణంలోనే ఉంది. ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం అన్ని ప్రొటెస్టెంట్ సంఘాలూ ఒకే ప్రార్థన పుస్తకం వాడాలన్నాడు. పాతకట్టు లూథరన్లు ఒప్పుకోలేదు. ఆగస్ట్ కావెల్ అనే పాస్టర్ లండన్ వెళ్లి వ్యాపారి జార్జ్ ఫైఫ్ యాంగస్ దగ్గర అప్పు కుదుర్చుకుని, 1838లో తన జనాన్ని ఓడల్లో దక్షిణ ఆస్ట్రేలియా చేర్చాడు. మొదట క్లెమ్‌జిగ్, తర్వాత 1839లో కొండల్లో హాన్‌డార్ఫ్. తమని తెచ్చిన ఓడ కెప్టెన్ హాన్ పేరే ఊరికి పెట్టుకున్నారు. ఆ ఊరి ఆడవాళ్లు అర్ధరాత్రి బయల్దేరి కూరలు, వెన్న, గుడ్లు మోసుకుని కొండలు దిగి తెల్లారేసరికి ఎడిలైడ్ సంతకి చేరేవాళ్లు. తిరుగుదారిలో గుడి కోసం తలో రెండు ఇటుకలు మోసేవాళ్లని చెప్పుకుంటారు. బరోసా లోయలో చాలామంది ఇలా వచ్చిన లూథరన్ల వారసులే. అక్కడ స్ప్రింగ్టన్‌లో రోడ్డు పక్కన తొర్రబోయిన పెద్ద రెడ్ గమ్ చెట్టు ఉంది. 1855లో ఫ్రెడరిక్ హెర్బిగ్ అనే వలసవాది ఆ తొర్రలో కాపురం పెట్టాడు. 1858లో కరొలీన్‌ని పెళ్లాడి ఆ తొర్రకే తెచ్చుకున్నాడు. వాళ్ల పదహారుమంది పిల్లల్లో మొదటి ఇద్దరూ అందులో పుట్టినవాళ్లే. కొత్త పెళ్లికూతుర్ని చెట్టు తొర్రలో దింపిన మొదటి సాయంత్రం ఆమె ఏమనుకుని ఉంటుంది? ఇంతకన్నా మంచి మొదటి అధ్యాయం లాంకాస్టర్‌లో దొరుకుతుందా?

అయినా బరోసా పేరుతో తెల్లటోపీ నవలల పరిశ్రమ పుట్టలేదు. కారణం చరిత్రలో ఉంది. ఆమిష్‌లు తమ కంచెని తామే కాపాడుకున్నారు, బరోసా కంచెని ప్రభుత్వం బయటినుంచి పీకేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో వీళ్లు శత్రుజాతి అయ్యారు. 1917లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం లూథరన్ బడులు మూసేసింది, 69 జర్మన్ స్థలాల పేర్లు మార్చేందుకు చట్టం చేసింది. క్లెమ్‌జిగ్ గాజా అయింది, హాన్‌డార్ఫ్ ఆంబుల్‌సైడ్ అయింది. ఆ తరం తర్వాత ఇళ్లలో జర్మన్ గొంతు తగ్గిపోయింది. యుడుండాలో జర్మన్ మాట్లాడే ఇంట పుట్టిన కొలిన్ థీల్ 1961లో ‘ది సన్ ఆన్ ది స్టబుల్’లో ఆ రైతుల్ని రాశాడు. రాసింది నవ్వుతూ, చిన్నపిల్లాడి కళ్లతో. ఆ నవ్వులో వెక్కిరింత లేదు, దొడ్లో తిరిగినవాడికి తెలిసే వాసన ఉంది. ఇప్పుడు బరోసా అంటే వైను, హాన్‌డార్ఫ్ అంటే సాసేజీలు. పర్యాటకులు ఫోటో తీసుకునేంత మిగిలింది, వెలివేయగలిగేంత మిగల్లేదు.

ఇంకో గుంపు ఉంది. న్యూసౌత్‌వేల్స్‌లో ఇన్వెరెల్ దగ్గర డాంతోనియా అనే చోట 1999 నుంచి బ్రూడర్‌హాఫ్ సమాజం ఉంటోంది. ఆడవాళ్లు పొడుగు గౌన్లు వేసుకుంటారు, తలగుడ్డలు కడతారు, ఆస్తి అందరిదీ ఒకటే. వీళ్లు ఆమిష్‌లు కారు. కంప్యూటర్లు వాడతారు, బోర్డులు తయారుచేసి అమ్ముతారు, బ్రూడర్‌హాఫ్‌కి సొంత ప్రచురణ సంస్థే ఉంది. తమ కథ తామే చెప్పుకుంటున్నారు కాబట్టి బయటి రచయితకి చోటు తక్కువ.

ఇక మనవైపు. తెలుగు పాఠకులకి ఆమిష్‌లు ఎక్కడో ఉన్న జనం అనిపించవచ్చు గానీ, దాయాదులు పాలమూరులోనే ఉన్నారు. రష్యా మెనొనైట్ అయిన అబ్రహాం ఫ్రీసెన్ 1889లో వచ్చి నల్గొండలో పనిచేశాడు. 1899లో అమెరికా మెనొనైట్ బ్రదరన్ తరఫున హీబర్ట్ దంపతులు హైదరాబాద్ చేరారు. మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, దేవరకొండ, షంషాబాద్‌ల ఎం.బీ. (మెనొనైట్ బ్రదరన్) చర్చిలన్నీ ఆ సంఘానివే. షంషాబాద్‌లో పుట్టిన ఆ కుటుంబపు పాల్ హీబర్ట్ 1971లో ‘కొండూరు’ పేరుతో ఒక తెలుగు పల్లె నిర్మాణం మీద అచ్చువేసిన గ్రంథాన్ని మానవశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ తిరగేస్తారు. ఎదిగాక బాప్తిస్మం అన్న సూత్రం ఆమిష్‌లదీ వీళ్లదీ ఒకటే. కానీ మహబూబ్‌నగర్ ఎం.బీ. అమ్మాయి మీద ఎవరూ తెల్లటోపీ నవల రాయరు. ఆమె చీర కడుతుంది, బస్సెక్కుతుంది, వాట్సాప్‌లో ప్రార్థన గుంపు నడుపుతుంది. దీన్నిబట్టి ఆ అరల్లో అమ్ముడుపోయేది విశ్వాసం కాదనీ, వేషమనీ నాకు అర్థమైంది.

మన ప్రేమనవలకి టోపీ అవసరం లేకపోయింది, కంచె పెరట్లోనే ఉండేది. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’లో పట్నంలో తల్లి అదుపాజ్ఞల కింద పెరిగిన అమ్మాయి పల్లెలో బంధువుల ఇంటికి వెళ్లి అక్కడ మనసు పారేసుకుంటుంది. పల్లె, పాడి, ఉమ్మడి భోజనాలు, మాట తక్కువ మనిషి. ఆమిష్ నవల సరుకులన్నీ ఉన్నాయి, బగ్గీ తప్ప. అంతస్తు కంచెని ఆమె ఎంత నైపుణ్యంతో వాడిందో చెప్పక్కర్లేదు. కులం కంచె దగ్గరికి మాత్రం ఆ తరం ప్రేమనవల చాలావరకు పోలేదు. ప్రేమికులిద్దరూ చివరికి చుట్టాలే అయి తేలేవాళ్లు.

ఆ కంచె మనతో ఇక్కడికీ వచ్చింది. 2016 జనగణనలో ఆస్ట్రేలియాలో తెలుగు మాట్లాడేవాళ్లు 34 వేలు. 2021కి 59 వేలు దాటారు. మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్, పాయింట్ కుక్ వీధుల్లో శనివారం సాయంత్రం తెలుగు బడి దగ్గర కార్లు బారులు తీరతాయి. అక్కడ పెరిగిన పిల్లకి ఊళ్లో ఏ అడ్డూ లేదు. పబ్బుకి వెళ్లొచ్చు, కారు నడపొచ్చు. పెళ్లి మాట వచ్చినప్పుడు మాత్రం నరసరావుపేట నుంచి ఫోను మోగుతుంది, ఫలానావాళ్లా అని అడుగుతుంది. తిండి దగ్గర కూర్చోనివ్వకపోవడం అమ్మన్ నాటి వెలి అయితే, కుటుంబ వాట్సాప్ గుంపులోంచి తీసేయడం మన నాటిది. ఇక్కడ ప్రేమకథ రాయాలనుకునే తెలుగమ్మాయి ఒకామె నన్నడిగింది, ఆమిష్ నవలలు బాగా అమ్ముడుపోతున్నాయట, అలాంటిదొకటి ప్రయత్నించనా అని. ‘విట్‌నెస్’ చివరి నిమిషాలు చూడమన్నాను.

స్క్రిప్టులో ఆ చోట వీడ్కోలు మాటలు ఉండేవి. వియర్ వాటిని తీసేశాడు. రేచల్ గుమ్మంలో, బుక్ మెట్ల కింద, చూపులు తప్ప ఏమీ లేదు. అతను కారెక్కుతాడు. మట్టిరోడ్డు మీద ఎదురుగా డేనియల్ హాక్‌లైట్నర్ నడిచి వస్తుంటాడు. రేచల్‌ని చేసుకోవాలని మొదట్నుంచీ ఓపిగ్గా ఎదురుచూస్తున్న ఆమిష్ రైతు. కారు అతని దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత కారు రోడ్డు వైపు, అతను ఇంటి వైపు.